‘పేద్రో పారామో’కి కేంద్రం లేదన్న విమర్శ ఇప్పటికీ నిలుస్తుందా?

నల్లరేగడి:
హువాన్ రుల్ఫో నవల ‘పేద్రో పారామో’ మెక్సికోలో 1955లో అచ్చయింది. మొదటి ముద్రణ రెండు వేల ప్రతులు. అవి కూడా చప్పున అమ్ముడుపోలేదు. ఆ ఏడే కవి ఆలీ చుమాసెరో మెక్సికో విశ్వవిద్యాలయ పత్రికలో సమీక్ష రాశాడు. వచనాన్ని మెచ్చుకుంటూనే గట్టి అభ్యంతరం ఒకటి పెట్టాడు: ముక్కలన్నీ పక్కపక్కన పడి ఉన్నాయి, వాటిని పట్టి ఉంచే కేంద్రం లేదు అని. ఇవాళ కొత్తగా చదివినవాళ్లు కూడా ఈ మాటే అంటున్నారు. నాకు ఇది తప్పుడు తీర్పనిపిస్తుంది. ఎందుకో చెప్తాను, మీరూ చెప్పండి.

చదవనివాళ్ల కోసం క్లుప్తంగా కథ. తల్లి డొలోరెస్ చనిపోతూ కొడుకు హువాన్ ప్రెసియాదో దగ్గర మాట తీసుకుంటుంది, కోమాలా వెళ్లి తండ్రి పేద్రో పారామోని కలవమని. ఏమీ అడుక్కోవద్దు, మనకి రావలసింది నిలదీసి అడుగు, మనల్ని మర్చిపోయినందుకు బాగా కక్కించు అంటుంది. అతను వెళ్తాడు. ఊళ్లో ఉన్నవాళ్లంతా చచ్చిపోయినవాళ్లే. పుస్తకం సగానికి వచ్చేసరికి అతనూ పోతాడు. ఆ తర్వాత సమాధుల్లోంచి వినిపించే మాటలు, వాటి మధ్య పేద్రో పారామో బతుకు.

కేంద్రం భూమి అని నా వాదన. ప్రేమ, దెయ్యాలు, తండ్రి కోసం వెతుకులాట అన్నీ దాని మీద మొలిచినవే. ఫుల్గోర్ సెదానో వచ్చే ఘట్టం దగ్గరగా చూడండి. తండ్రి లూకాస్ చనిపోయాక మెదియా లూనా ఎస్టేటు కుర్రవాడైన పేద్రో చేతికొస్తుంది. నిండా అప్పులు. దివాన్జీ ఫుల్గోర్ లెక్కలు ముందు పెడతాడు. ఎక్కువ బాకీ ప్రెసియాదో కుటుంబానికి. ఆ కుటుంబం ఆస్తి అంతా ఇప్పుడు డొలోరెస్ పేర ఉంది. అయితే రేపు వెళ్లి ఆ పిల్లని నాకు అడుగు అంటాడు పేద్రో. అప్పు తీర్చే దారి అది! డొలోరెస్‌కి కాళ్లు నేల మీద నిలవవు. నెలసరి సంగతి సిగ్గుపడుతూ చెప్పి ఎనిమిది రోజులు గడువు అడుగుతుంది. ఎల్లుండే పెళ్లి అంటాడు ఫుల్గోర్. చేతులు చాచి ఎనిమిది రోజులే, ఎనిమిది రోజులే అంటున్న మనిషిని అలాగే వదిలేసి వెళ్లిపోతాడు. గుళ్లో ముందుగా చేయాల్సిన పెళ్లి ప్రకటనలు లేకుండా పెళ్లి జరిపించడానికి పాదిరీ అరవై పెసోలు అడుగుతాడు. బలిపీఠం బాగుచేయించాలట, భోజనాల బల్ల విరిగిపోయిందట. ఇద్దరి ఆస్తీ ఉమ్మడి అని కాగితంలో రాయించడం మాత్రం మర్చిపోకూడదు.

వెంటనే తర్వాతి పని: పొరుగు పొలం తోరిబియో అల్ద్రెతే కంచె జరపాలి. అతను సరిగ్గానే కొలిచాడు కదా అంటాడు ఫుల్గోర్. చట్టాలో, అని నసుగుతాడు. ఏ చట్టాలు, ఇక నుంచి చట్టం మనమే చేస్తాం అంటాడు కుర్రాడు. అల్ద్రెతేని డొలోరెస్ స్నేహితురాలు ఎదువిహెస్ ఇంట్లో ఒక గదిలో ఉరి తీస్తారు. ఏళ్ల తర్వాత హువాన్ ప్రెసియాదో పడుకున్నది ఆ గదిలోనే. రాత్రి అతనికి వినిపించే అరుపు ఆ ఉరిదే.

ఇక్కడ వరస గమనించండి. మనకి ముందు అరుపు వినిపిస్తుంది. ఆ తర్వాతే కంచె గొడవ, పెళ్లి, అప్పు, ఒకదాని వెనక ఒకటి వెనక్కి వెళ్తూ తెలుస్తాయి. ముక్కలు చెల్లాచెదురుగా పడలేదు. నేరం ముగిశాక ఊళ్లో మిగిలేది దాని చప్పుడు. అక్కణ్ణుంచి కారణం దాకా పాఠకుడే నడవాలి. ఇంత పట్టుగా పేర్చినదానికి కేంద్రం లేదంటే ఎలా?

కృత్తిక:
నల్లరేగడి గారూ, డొలోరెస్ ఘట్టం బాగా చూపించారు. కానీ ఒక్క మాట వదిలేశారు. ఫుల్గోర్ వెళ్లాక ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంటూ, తర్వాత నన్ను అసహ్యించుకున్నా సరే అనుకుంటుంది. భూమి లెక్క కిందకి రాని మాట అది.

కేంద్రం అంటే నా ఓటు సుసానా సాన్ హువాన్‌కి. పేద్రో పిల్లవాడిగా మనకి కనిపించే మొదటి సన్నివేశంలో, వాన నీళ్లు కారుతూ ఉంటే మరుగుదొడ్డిలో కూర్చుని సుసానాని తలుచుకుంటూ ఉంటాడు. గాలికాలంలో ఇద్దరూ కలిసి ఎగరేసిన గాలిపటాలు, పచ్చటి గుట్టలు. ముప్పై ఏళ్లు ఆమె కోసం ఎదురుచూశానంటాడు. ఆమెకి లోటు లేకుండా చేయాలనే ఇదంతా కూడబెట్టాడు. తీరా ఆమె తిరిగొచ్చేసరికి మతి చలించి ఉంటుంది. చచ్చిపోయిన భర్త ఫ్లొరెన్సియోతో, సముద్రంతో మాట్లాడుకుంటూ ఉంటుంది తప్ప పేద్రో వైపు చూడదు. ఊరంతటినీ లొంగదీసిన మనిషికి ఆమె కలలో ఏముందో తెలుసుకునే దారి లేదు.

భూమే కేంద్రమైతే ఒకటి చెప్పండి. సుసానా చనిపోయినప్పుడు, డిసెంబరు 8న, గంటలు మోగుతాయి. రోజుల తరబడి ఆగకుండా మోగేసరికి చుట్టుపక్కల ఊళ్ల జనం తిరనాళ్లనుకుని వచ్చేస్తారు. సంతాపం కాస్తా సంబరమవుతుంది. అప్పుడు పేద్రో, నేను చేతులు కట్టుకుని కూర్చుంటాను, కోమాలా ఆకలితో చస్తుంది అంటాడు. అన్నట్టే చేస్తాడు. భూమి కోసం హత్యలు చేసినవాడు ఆ భూమినే బీడు పెట్టాడంటే అతనికి అసలైనది భూమి కాదన్నట్టే కదా?

నల్లరేగడి:
కృత్తిక గారూ, మీ ప్రశ్న సూటిగా తగిలింది. నేను దాన్ని మరోవైపు నుంచి చూస్తాను. ఒక మనిషి చేతులు కట్టుకున్నంత మాత్రాన ఊరు ఊరంతా ఆకలితో చచ్చే పరిస్థితి ఎలా వచ్చింది? ఊళ్లో నలుగురి చేతుల్లో పొలాలుంటే అతని దుఃఖం అతని ఇంట్లోనే ఉండేది. ప్రతి ఎకరం అతనిది కాబట్టే అతని ప్రేమ కూడా ఊరికి కరువైంది.

రుల్ఫో ఇది నోరు తెరిచి చెప్పించిన చోటు కూడా ఉంది. కోమాలా పాదిరీ రెంతెరియా పాపక్షమాపణ కోసం పక్క ఊరు కోంత్లా పాదిరీ దగ్గరికి వెళ్తాడు. ఇద్దరూ తోటలో నడుస్తారు. ఇక్కడ ఏ పండు వేసినా పులుపే వస్తుంది అంటాడు కోంత్లా పాదిరీ. కోమాలా నేలలు మంచివంటారు, కానీ అన్నీ ఒకడి చేతిలో ఉన్నాయట కదా అని అడుగుతాడు. దేవుడి చిత్తం అంటాడు రెంతెరియా. ఇందులో దేవుడికి పనేమీ లేదనుకుంటాను అని జవాబు. నవలలో ఇంత సూటిగా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

పాలపిట్ట:
అందరికీ నమస్తే. నేను తెలంగాణ పల్లెల పుట్టి పెరిగిన. ఈ నవల చదువుతుంటే మెదియా లూనా నాకు గడీ లెక్కనే కనబడ్డది. అప్పు కింద పొలం పోవుడు, గెట్టు జరుపుడు, దొర మాటే చట్టం అనుడు, ఇవి మాకు ఇంట్ల పెద్దలు చెప్పిన సంగతులే.

కానీ పోలిక ఒక తాన తెగిపోతది. మా దిక్కు సంఘం బెట్టిండ్రు, గడీల మీదికి పోయిండ్రు. 1946 నుంచి 1951 దాక సాయుధ పోరాటం నడిచింది. కోమాలాల విప్లవం వస్తే ఏమైతది? తిరుగుబాటుదార్లు పేద్రో ఇంటికే వస్తరు. ఆయన అన్నం పెట్టించి, మీ విప్లవానికి ఎంత కావాలె అని అడుగుతడు. యాభై వేలు అంటరు. లక్ష పెసోలు తీసుకోండ్రి, మూడు వందల మంది మనుషుల గూడ ఇస్త అంటడు. తన మనిషి తిల్కువాతేని వాళ్ల మీద పెద్దగ పెడ్తడు. ఇగ ఆ తిల్కువాతే విప్లవ నాయకులల్ల ఓసారి వియ్యా దిక్కు, ఓసారి కర్రాన్సా దిక్కు, తర్వాత ఒబ్రెగోన్ దిక్కు, ఆఖర్న పాదిరీ రెంతెరియాతోటి క్రిస్తెరోల దిక్కు. ఎవ్వరి దిక్కున్నా పేద్రో పొలానికి ఏం గాదు. విప్లవం మీద ఇంత కోపంగ రాసిన నవల నేనింకోటి చదవలేదు. ఆ కోపం ఒక్కసారి గూడ గొంతు పెంచదు.

మంజీర:
పాలపిట్ట గారూ, ఆ కోపం ఎక్కడిదో రుల్ఫో బాల్యంలో కనిపిస్తుంది. నేను ఉద్యోగరీత్యా గ్వాదలహారాలో ఉంటాను. దక్షిణ హలిస్కో జిల్లాలు, సయూలా, సాన్ గబ్రియేల్ వైపు, బస్సులో వెళ్తే ఆ నేల చూడొచ్చు. రుల్ఫో పెరిగింది సాన్ గబ్రియేల్‌లో. 1923లో తండ్రిని చంపేశారు. 1926 నుంచి 1929 వరకు క్రిస్తెరో యుద్ధం, అంటే ప్రభుత్వం చర్చిని అణచబోతే పల్లెలు తిరగబడ్డ యుద్ధం. అది ఆ ప్రాంతాన్ని తగలబెట్టింది. 1927లో తల్లి పోయింది. పిల్లవాణ్ణి గ్వాదలహారాలో అనాథాశ్రమంలో పెట్టారు. నవలలో ఖాళీ అయిన ఊళ్లు ఊహించి రాసినవి కావు.

ఒక సంగతి చాలామందికి తెలియదు. కోమాలా అనే ఊరు నిజంగా ఉంది, పక్కనున్న కొలిమా రాష్ట్రంలో. తెల్లటి గోడలు, చెట్లు, పచ్చదనం. నవలలోని ఊరికి దాని పేరు తప్ప మరేమీ రాలేదు. డొలోరెస్ కొడుక్కి వర్ణించే కోమాలా మాత్రం పచ్చటి పొలాలు, పండిన మొక్కజొన్న వాసన. కొడుకు చూసేది ఎండిన వీధులు. పుస్తకమంతా ఈ రెండు ఊళ్లూ ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. తల్లి మాటలు ఏ గుర్తూ లేకుండా మధ్యలో వచ్చి వెళ్తుంటాయి. మెక్సికన్ కవి ఒక్తావియో పాస్ రుల్ఫో గురించి, మెక్సికన్ నవలాకారుల్లో నేలని వర్ణించకుండా దాని రూపాన్ని మన ముందు నిలబెట్టినవాడు ఈయనొక్కడే అన్నాడు. దాని అర్థం నాకు ఆ బస్సులోనే తెలిసింది. రుల్ఫో ఆ కొండల గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. దిగిపోతున్న దారి, వేడి, చప్పుడు లేకపోవడం, అంతే.

రెండోసారి:
పెద్దలందరికీ ఒక మామూలు పాఠకుడి ప్రశ్న. నేను దీన్ని మొదలుపెట్టి ఆపేసి మళ్లీ మొదలుపెట్టాను. పేరా మారగానే మాట్లాడేవాళ్లు మారిపోతున్నారు. ఎవరు ఎప్పుడు మాట్లాడుతున్నారో కాగితం మీద పట్టిక వేసుకుని చదవాలా?

కృత్తిక:
వద్దు. పట్టిక వేసుకుంటే కథ తెలుస్తుంది, పుస్తకం పోతుంది. ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. మొదటి సగం హువాన్ ప్రెసియాదో మనకి చెప్తున్నాడనుకుంటాం. సగంలో, గుసగుసలు నన్ను చంపేశాయి అన్నాక, దొరోతెయా అనే ఊరి ముసలామె గొంతు వినిపిస్తుంది. అప్పుడు అర్థమవుతుంది, ఇద్దరూ ఒకే గోతిలో ఉన్నారు, ఇప్పటిదాకా అతను చెప్పిందంతా ఆమెకి చెప్పాడు. అంటే మొదటి వాక్యం నుంచే చచ్చిపోయినవాడి మాట వింటున్నాం. మళ్లీ మొదటికి వెళ్లి చదవండి, వాక్యాలు మారవు గానీ అవి వస్తున్న చోటు మారుతుంది.

రుల్ఫో కూడా దీని గురించి ఇంటర్వ్యూల్లో చెప్పాడు: నిర్మాణం ఉంది, అది మౌనాలతో, వేలాడే దారాలతో, కోసేసిన సన్నివేశాలతో కట్టినది అని. రాసినదాంట్లోంచి చాలా పేజీలు తీసేశాడు. తీసేసిన చోట్లలో పాఠకుణ్ణి నిలబెట్టాడు.

మంజీర:
ఇంకొక చిన్న సాయం. పేద్రో బాల్యంలో వానలు ఎక్కువ. హువాన్ వచ్చేసరికి ఎండలు. ఎక్కడున్నామో తెలియకపోతే నీళ్లున్నాయా లేవా చూసుకోండి.

వేపచెట్టు:
ఇప్పటివరకు అందరూ పుస్తకాన్ని లోపలి నుంచి చదివారు. నేను బయటి నుంచి ఒకటి అడుగుతాను. 2016లో మెక్సికన్ రచయిత్రి క్రిస్తినా రివేరా గర్సా రుల్ఫో మీద ఒక పుస్తకం తెచ్చింది. ఆమె అడిగిన ప్రశ్న మామూలుదే: ఇతను రోజూ ఏం పని చేసి బతికాడు? గుడ్‌రిచ్ యుస్కాది టైర్ల కంపెనీలో పనిచేశాడు, దాని తరఫున దేశమంతా తిరిగాడు. 1950ల మధ్యలో పాపలోవాపాన్ నదీ కమిషన్‌లో పనిచేశాడు. ఆ కమిషన్ పెద్ద డ్యామ్ కట్టింది, మసతెక్, చినంతెక్ ఆదివాసుల ఊళ్లు నీళ్లలో కలిశాయి, వేలమందిని లేపేశారు. ఖాళీ అయిన ఊళ్ల గురించి రాసిన మనిషి, ఊళ్లు ఖాళీ చేయించే ఆధునికీకరణకి జీతగాడు కూడా అని ఆమె చెప్పింది. రుల్ఫో ఫౌండేషన్‌కి ఇది రుచించలేదు. 2017లో, ఆయన శతజయంతి ఏడాదిలో, మెక్సికో విశ్వవిద్యాలయం పుస్తకాల పండగలో రుల్ఫో పేరు వాడొద్దని అభ్యంతరం పెట్టేదాకా వెళ్లింది.

నల్లరేగడి గారి భూమి వాదన నాకు నచ్చింది. కానీ భూమి గురించి మాట్లాడుతూ రచయిత కాళ్లు ఏ భూమి మీద ఉన్నాయో చూడకుండా వదిలేస్తే ఆ వాదన సగమే.

నల్లరేగడి:
వేపచెట్టు గారూ, ఆ పుస్తకం రావడం మంచిదే అయింది. రుల్ఫోని రెండు పుస్తకాలు రాసి మౌనంలోకి వెళ్లిన మునిగా చేసి పెట్టారు. ఎందుకు రాయడం మానేశారని అడిగితే, నాకు కథలు చెప్పే మావయ్య సెలెరీనో పోయాడు అనేవాడట. ఆ మాటని పట్టుకుని ఎన్ని వ్యాసాలు! ఆ మౌనంలో ఆయన చేసిన పని చాలా ఉంది. ఫొటోలు తీశాడు. ‘ఎల్ గాయో దె ఓరో’ అనే చిన్న నవల రాశాడు, అది 1980 దాకా అచ్చు కాలేదు. ఆదివాసీ సంస్థలో మానవశాస్త్ర పుస్తకాల సంపాదకుడిగా 1986లో చనిపోయేదాకా ఉద్యోగం చేశాడు. మౌనం అనే మాట వీటన్నిటినీ కప్పేసింది.

అయితే ఒక చోట ఆగుతాను. నవల 1955 మార్చిలో వచ్చింది. కమిషన్ ఉద్యోగం నవలని పుట్టించలేదు. ఆ ఉద్యోగం వెలుగులో నవలని చదవొచ్చు, నవలకి కారణంగా చూపిస్తే తేదీలు ఒప్పుకోవు.

వేపచెట్టు:
కారణమని నేననలేదు. టైర్ల కంపెనీ మాత్రం నవలకి ముందుదే. ఆ కొత్త రోడ్లు, కార్లు లేకపోతే అతను అన్ని చచ్చిన ఊళ్లు చూసి ఉండేవాడు కాదు. ఆ రోడ్ల మీదే జనం ఊళ్లు వదిలి పట్నాలకి, అమెరికాకి పోయారు. అది ఆయన కథల సంపుటి ‘ఎల్ యానో ఎన్ యామస్’లో కనిపిస్తుంది, నవలలో కనిపించదు. నవలలో ఊరు చచ్చింది ఒక దొర పగ వల్ల. కథల్లో ఊళ్లు చస్తున్నది ప్రభుత్వం వల్ల, కరువు వల్ల, వలస వల్ల. అందుకే నాకు 1953 నాటి కథలు నవల కంటే ఎక్కువ నిజాయితీగా కనిపిస్తాయి.

పాలపిట్ట:
ఈ మాటకు నేను సగం ఒప్పుకుంట. అండ్ల ‘నోస్ హాన్ దాదో లా తియెర్రా’ (మాకు భూమిచ్చిండ్రు) కథ యాది చేసుకోండ్రి. విప్లవం అయిపోయింది, సర్కారు భూములు పంచింది. నలుగురు మనుషులు తమకిచ్చిన భూమి మీదికెళ్లి నడుస్తున్నరు. పొద్దటి సంది నడుస్తున్నరు, నీడ లేదు, గింజ మొలిచే జాగ లేదు. ఒక్క వాన చుక్క పడ్తది, నేల మీద ఉమ్మినట్టు మచ్చ అయితది. రెండో చుక్క రాదు. నదిపక్క మంచి పొలం కావాలని అడిగితే అధికారి ఏమంటడు? రాసి ఇయ్యండ్రి, మీరు కొట్లాడాల్సింది పెద్ద భూస్వాములతోటి, మీకు భూమిచ్చిన సర్కారుతోటి కాదు అంటడు.

అండ్ల ఎస్తెబాన్ అనేటోడు కోటు కింద కోడిని పట్టుకొని నడుస్తుంటడు. ఇల్లు ఖాళీ అయితది, దానికి తిండి పెట్టేటోళ్లు లేరని తెచ్చుకున్నడు. గాలి ఆడుతలేదని దాని నోటికాడ ఊదుతుంటడు. అందరికీ ఇచ్చిన భూమి మొత్తంల పానం ఉన్నది అదొక్కటే. ఈ ఒక్క కోడి కోసం నేను నవలలెన్నో ఇచ్చేస్త. సగమే ఎందుకు ఒప్పుకున్ననంటే, ఈ కథలున్నయి కాబట్టి నవల తక్కువది కాదు. కథలల్ల సర్కారుంది, నవలల దొర ఉన్నడు. రెండూ కలిపి చదువాలె.

కృత్తిక:
రెంతెరియా గురించి ఎవరూ పూర్తిగా మాట్లాడలేదు. నాకు అన్నిటికంటే నలిగిపోయిన మనిషి ఆయనే.

పేద్రో కొడుకు మిగెల్ గుర్రం మీంచి పడి చస్తాడు. ఆ మిగెల్ రెంతెరియా అన్నని చంపాడు, అన్న కూతురు ఆనాని చెరిచాడు. శవం గుళ్లో ఉంటే రెంతెరియా దీవించనంటాడు. పేద్రో వచ్చి మోకాళ్ల బల్ల మీద గుప్పెడు బంగారు నాణేలు పెట్టి వెళ్తాడు. రెంతెరియా అవి తీసుకెళ్లి బలిపీఠం దగ్గర పెట్టి, ఇవి నీవి, ఇది సరైన ధరో కాదో నువ్వే చెప్పు అంటాడు దేవుడితో. తర్వాత ఒక మూల కూర్చుని ఏడ్చి ఏడ్చి, సరే, నువ్వే గెలిచావు అంటాడు.

అదే రాత్రి ఆయనకి మరియా ద్యాదా గుర్తొస్తుంది. అక్క ఎదువిహెస్ ఆత్మహత్య చేసుకుంది, ఆమె ఆత్మ కోసం ప్రార్థించమని అడగడానికి వచ్చిన మనిషి. బతికినన్నాళ్లూ ఊళ్లో అందరికీ పెట్టింది మా అక్క అంటుంది. పూజలు చాలా జరిపించాలి, దానికి డబ్బవుతుంది అంటాడు. నా దగ్గర లేదంటుంది. అయితే ఉన్నట్టే ఉండనిద్దాం అని పంపేస్తాడు. ఈ రెండు జ్ఞాపకాల మధ్య రుల్ఫో ఒక్క వ్యాఖ్య కూడా చేయలేదు. పాపం కడిగించుకునే స్తోమత ఉన్నవాడికి స్వర్గం, లేనివాళ్లకి కోమాలా వీధులు. ఊరంతా ఆత్మలు తిరుగుతున్నాయంటే కారణం ఇది. వాళ్లకి క్షమాపణ చెప్పేవాడు లేక తిరుగుతున్నారు.

రెండోసారి:
అంటే ఇది మేజిక్ రియలిజం (వాస్తవంలో వింతలు కలిపి చెప్పే పద్ధతి) కాదంటారా? వెనక అట్ట మీద అలాగే వేశారు.

నల్లరేగడి:
కృత్తిక గారు ఇప్పుడు చెప్పిందే జవాబు. క్షమాపణ దొరకని ఆత్మ తిరుగుతుందన్నది ఆ పల్లెల్లో రోజువారీ నమ్మకం. నవలలో ఎవరూ దానికి ఆశ్చర్యపోరు, పాఠకుణ్ణి ఆశ్చర్యపరచాలని రచయితా చూడడు. వింతలు కుప్పపోసి మురిసిపోయే గుణం ఇందులో లేదు. కొలంబియా నవలాకారుడు గార్సియా మార్కెస్ 1961లో మెక్సికో వచ్చాక స్నేహితుడు ఆల్వరో ముతిస్ ఈ పుస్తకం చేతిలో పెట్టి, ఇది చదివి నేర్చుకో అన్నాడు. ఆ రాత్రే రెండుసార్లు చదివానని మార్కెస్ రాసుకున్నాడు. ఆ ఒక్క ముచ్చట వల్ల రుల్ఫోని మార్కెస్‌కి మెట్టుగా చూడటం అలవాటైంది. మార్కెస్ వాక్యం ఇస్తూ పోతుంది, రుల్ఫో వాక్యం తీసేస్తూ పోతుంది. ఇద్దరినీ ఒకే అరలో పెట్టడం అమ్మేవాళ్లకి తేలిక, చదివేవాళ్లకి నష్టం.

మెక్సికన్ నవలాకారుడు కార్లోస్ ఫుయెంతెస్ ఈ నవలని గ్రీకు పురాణాలతో పోల్చి చదవడం కూడా నాకు అలాగే అనిపిస్తుంది. హువాన్ ప్రెసియాదో తండ్రిని వెతికే టెలిమాకస్ అట, గాడిదలు తోలుతూ దారి చూపించిన అబుందియో చచ్చినవాళ్లని నది దాటించే పడవవాడట. పోలికలు కుదురుతాయి. కానీ కుదిరిన వెంటనే అరవై పెసోలు, విరిగిన భోజనాల బల్ల, ఎనిమిది రోజుల గడువు అడిగిన డొలోరెస్ కనిపించకుండా పోతారు.

మంజీర:
2024లో రొద్రిగో ప్రియెతో తీసిన సినిమా ఓటీటీలో చూశాను. శ్రద్ధగా తీశారు. ఇబ్బంది ఒక్కటే: అందరికీ ముఖాలు వచ్చేశాయి. పుస్తకంలో రుల్ఫో ఎవరి ముఖమూ వర్ణించడు, గొంతులే.

కృత్తిక:
గొంతులంటే సుసానా గనిలోకి దిగిన ఘట్టం చెప్పాలి. చిన్నపిల్లని నడుముకి తాడు కట్టి తండ్రి బర్తొలొమే ఒక గోతిలోకి దింపుతాడు. చీకట్లో ఆమె చేతికి తగిలింది పుర్రె. అందుకోగానే పొడిపొడి అవుతుంది. ఒక్కో ఎముకా పైకి అందిస్తుంది, కాలి వేళ్ల దాకా. ఇంకా వెతుకు సుసానా, డబ్బు, గుండ్రటి బంగారు బిళ్లలు అంటాడు తండ్రి పైనుంచి. ఆమె స్పృహ తప్పి పడిపోతుంది. ఆమె మతి ఎందుకు చలించిందో నవల విడిగా చెప్పదు. నల్లరేగడి గారూ, ఇక్కడ మీ వాదనా నా వాదనా కలుస్తాయి. ఆమెని మొదట భూమిలోకి దింపింది డబ్బు కోసమే. పేద్రో ఆమెని తెచ్చుకున్నది కూడా ఆ తండ్రిని చంపించే. ఈ నవలలో మగవాళ్లందరూ భూమిలోంచి ఏదో తీయాలనుకుంటారు. భూమిలో ఉండి మాట్లాడేది ఆమె.

నల్లరేగడి:
ఇది నేను చూడని కోణం, ఒప్పుకుంటున్నాను. దీనికి అబుందియోని కూడా కలపండి. అతను కూడా పేద్రో కొడుకే. భార్య చనిపోతుంది. తెల్లవారుజామున సారా కొట్టులో తాగి మెదియా లూనా గుమ్మం ముందుకొస్తాడు. నా భార్యని పూడ్చిపెట్టడానికి ధర్మం చేయండి అంటాడు. తర్వాత పనిమనిషి దామియానా కేకలు, కత్తి, నెత్తురు. పొడిచాడు అన్న వాక్యం రుల్ఫో రాయడు.

ఇతనే చచ్చిపోయాక హువాన్‌కి దారి చూపిస్తాడు. పేద్రో ఎవరని అడిగితే, బతికున్న పగ అంటాడు. చచ్చి చాలా ఏళ్లయింది అని కూడా అంటాడు, చంపిందెవరో చెప్పడు. నిలదీసి కక్కించమని తల్లి పంపిన కొడుకు తండ్రి ముఖమే చూడలేదు. అడుక్కోవడానికి వచ్చిన కొడుకు లెక్క తేల్చాడు.

వేపచెట్టు:
లెక్క తేల్చాడు అనడం ఒప్పుకోను. అబుందియో తాగి ఉన్నాడు, భార్య శవం ఇంట్లో ఉంది, అతనికి కావలసింది పూడ్చడానికి నాలుగు డబ్బులు. పగ తీర్చుకోవడానికి వచ్చాడని పేజీలో ఎక్కడుంది? తనెవరి కొడుకో ఆ క్షణంలో తలుచుకున్నట్టు కూడా రుల్ఫో రాయలేదు. న్యాయం జరిగిందని మనం సంతోషపడాలని చూస్తున్నాం, పుస్తకం ఆ సంతోషం ఇవ్వదు.

పాలపిట్ట:
వేపచెట్టు గారి మాటే నిజమనిపిస్తున్నది. పేద్రో సచ్చినంక పొలాలు ఎవ్వరికీ రాలే. హువాన్ వచ్చేసరికి ఊళ్లె దున్నేటోడు లేడు.

రెండోసారి:
మళ్లీ మొదటి పేజీ తీశాను. అబుందియో మాటలన్నీ ఇప్పుడు వేరేగా వినిపిస్తున్నాయి. ఒక చిన్న సందేహం మిగిలింది. ఎదువిహెస్ అతనికి చెవులు పోయాయని చెప్తుంది కదా, మరి హువాన్‌తో మామూలుగా ఎలా మాట్లాడాడు?

మంజీర:
హువాన్ కూడా అదే అంటాడు, నేను చెప్పేవాడికి బాగా వినిపించింది అని. అయితే అతను కాదేమో, పైగా అబుందియో చచ్చిపోయాడు అంటుంది ఎదువిహెస్. ఆమె కూడా చచ్చిపోయిందని ఆ పేజీలో హువాన్‌కి ఇంకా తెలియదు.